పన్నెండింటికి రీస్టార్ట్

పాత కంప్యూటర్లు బాగుచేసే మనిషిని పట్టపగలు పదిన్నరకి, అతని షాపులోనే, అతని కుర్చీలోనే చంపేశారు.

చంపినవాడు హడావుడి పడలేదు. షట్టర్ సగం దించాడు, పని ముగించాడు, పోతూ పోతూ బల్ల మీది చిన్న ఫ్యాను కూడా ఆపేసి వెళ్ళాడు. పక్క జిరాక్స్ షాపతను అరగంట తర్వాత ఏదో అవసరమై వచ్చి "డాక్టర్ గారూ" అని రెండుసార్లు పిలిచాడు. మూడోసారి పిలవకుండానే వీధిలోకి పరిగెత్తాడు.

ఆ వీధిలో అందరూ అతన్ని డాక్టరనే పిలిచేవాళ్ళు. కొత్త మెషిన్ల జోలికి పోయేవాడు కాదు. ఫ్యాక్టరీల్లో, ఆసుపత్రుల్లో, పంపుహౌసుల్లో ఎవరూ మార్చడానికి సాహసించని ముసలి కంప్యూటర్లు ఉంటాయి చూడండి, వాటి నాడి తెలిసినవాడు ఊరు మొత్తానికీ అతనొక్కడే. చనిపోయే ముందు రోజు అతను చూసొచ్చిన మెషిన్ మంచినీళ్ళ ప్లాంటులోది. జనం దృష్టిలో ఇది ఎవడో దొంగ చేసిన హత్య. ఒక్క ఆఫీసులో మాత్రం కాదు.

ఆ ఆఫీసు ఒక లాండ్రీ పైన రెండో అంతస్తులో ఉంది. బోర్డు లేదు. లోపల పనిచేసేవాళ్ళకి సొంత పేర్లు లేవు, అన్నీ చుట్టరికాలే. ఎవడైనా ఫోన్‌కి చెవి ఆనించి విన్నా ఇంటి గొడవలనుకుని విసుగెత్తి పెట్టెయ్యాలని ఆ ఏర్పాటు. చీఫ్‌ని పెదనాన్న అంటారు, మనుషుల్ని పట్టుకొచ్చే బలగాన్ని బావమరుదులంటారు. పరాయి దేశపు ముఠా పేరు వియ్యాలవారు. ఈ కథలో మన మనిషి మరిది. పన్నెండేళ్ళ సర్వీసులో అతను నాలుగు సరిహద్దులు దొంగతనంగా దాటాడు, లెక్కలేనన్ని వేషాలు కట్టాడు, ఒకసారి మూడు రోజులు శవపేటికలో పడుకుని ప్రయాణం చేశాడు. అయినా పెదనాన్న గదిలోకి వెళ్తే ఇప్పటికీ అరచేతులు చెమటలు పడతాయి.

గురువారం ఉదయం తొమ్మిదయింది. "కూర్చో," అన్నాడు పెదనాన్న. "వదిన చెప్తుంది, విను."

వదిన కిటికీ పక్కన నిలబడి ఉంది. బూడిదరంగు కోటు, తల మీదికి నెట్టిన నల్లకళ్ళద్దాలు, గదిలోకి మనిషికంటే ముందు వచ్చే సెంటు వాసన. రెండేళ్ళ క్రితం వరకూ ఆమె వియ్యాలవారి కంప్యూటర్ నిపుణురాలు. ఒకరోజు ఒక సూట్‌కేసు, ఏడు పేర్ల లిస్టు పట్టుకుని ఇటు వచ్చేసింది. ఆ ఏడుగురూ దొరికారు. అప్పటి నుంచి ఆ ఆఫీసులో ఆమె మాటకి తిరుగులేదు.

"చిప్‌సెట్ అంటే తెలుసా, మరిదిగారూ?"

"బోర్డు మీద ఎక్కడో ఉంటుంది. ఏం చేస్తుందో ఎవరూ అడగరు."

"నాలుగు రోడ్ల కూడలిలో పోలీసు లాంటిది. ప్రాసెసర్ మాట వాల్వుల కార్డుకి చేరాలన్నా, కార్డు మాట స్క్రీన్‌కి చేరాలన్నా దాని మీదుగానే పోవాలి. చిప్‌సెట్ డ్రైవర్ అంటే ఆ పోలీసు చేతిలోని రూల్సు పుస్తకం. పుస్తకం మార్చేస్తే?"

"స్క్రీన్ మీద ఒకటి కనిపిస్తుంది. వాల్వు దగ్గర ఇంకోటి జరుగుతుంది."

"మీకు చెప్పడం తేలిక," అని నవ్వి, ఒక ఫోటో బల్ల మీద పెట్టింది. "డాక్టర్ లాప్‌టాప్‌లో దొరికింది. ప్లాంటు మెషిన్ డివైస్ మేనేజర్, అంటే లోపలి భాగాల పట్టిక. డ్రైవర్ తేదీ చదవండి."

"జులై 18, 1968."

"మెషిన్ వయసు పద్నాలుగేళ్ళు. డ్రైవర్ వయసు యాభై దాటింది. తల్లి పుట్టకముందే బిడ్డ పుట్టాడన్నమాట. అది దొంగ డ్రైవర్. తయారుచేసినవాడు తేదీ దగ్గర ఏమరుపాటు పడ్డాడు." ఆమె గొంతు మారలేదు. "ఈ రోజు పన్నెండింటికి ఊరి పెద్ద ట్యాంకులు నింపే లైను తెరుచుకుంటుంది. ప్రతి గురువారం ఉండేదే. అదే క్షణాన ఆరు క్లోరిన్ సిలిండర్ల వాల్వులూ పూర్తిగా తెరుచుకుంటాయి. స్క్రీన్ మాత్రం అంతా సవ్యంగా ఉందని చెప్తూనే ఉంటుంది. ప్లాంటులో ఉన్న ఇరవై రెండుమందీ ఎక్కడివాళ్ళక్కడే పోతారు. ఆ తర్వాత ఊరివాళ్ళు కుళాయి తిప్పుతారు."

"మెషిన్ ఆపేస్తే?"

"ఆపిన మరుక్షణం వాల్వులు తెరుచుకునేలా రాశారు."

"ట్యాంకుల లైను తెరవకుండా ఉంటే?"

"ప్లాంటులో వాళ్ళ మనిషి ఉన్నారు. కనిపెట్టి వాల్వులు చేత్తోనే తిప్పేస్తారు." ఆమె చిన్న నల్ల పెన్‌డ్రైవ్ తీసి అతని అరచేతిలో పెట్టింది. "ఇందులో అసలు చిప్‌సెట్ డ్రైవర్ ఉంది. తాజాది. ఆ మెషిన్‌కి ఇంటర్నెట్ లేదు, మనిషే వెళ్ళి ఎక్కించాలి, రీస్టార్ట్ చెయ్యాలి. మధ్యలో ఎర్ర బాక్సు వచ్చి పబ్లిషర్ ఎవరో తెలియదంటుంది. పట్టించుకోకుండా ఇన్‌స్టాల్ ఎనీవే కొట్టండి. నేను కూడా వస్తాను, ఇన్‌స్పెక్టర్‌లాగా."

ఆమె కిందికి వెళ్ళాక పెదనాన్న తలుపు గడియ పెట్టాడు. అలా పెట్టిన ప్రతిసారీ ఎవరో ఒకరు తిరిగి రాలేదు.

"వదిన రిపోర్టులో ఇంకో విషయం ఉంది. ఆ డ్రైవర్ ఎక్కింది ఆపరేటర్ పాస్‌వర్డ్‌తో. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు."

"ఆపరేటర్ ఎవరు?" అడిగాడు మరిది. అడుగుతున్నప్పుడే అతనికి తెలుసు.

"మీ అక్క. సొంత అక్క."

మరిది లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో తెలియక మళ్ళీ కూర్చున్నాడు.

"వదినకి ఈ చుట్టరికం తెలియదు. నాకు తెలుసు, అందుకే నిన్ను పంపిస్తున్నాను. ఆ కీబోర్డు దగ్గరికి ఆవిడ పరాయివాణ్ణి రానివ్వదు. నిన్ను రానిస్తుంది." పెదనాన్న సొరుగులోంచి ఎర్ర పిడి ఉన్న స్క్రూడ్రైవర్ ఒకటి తీశాడు. "పన్నెండుకి ఐదు నిమిషాలుండగా కూడా పని తెమలకపోతే, ఆవిడ అడ్డం వస్తే, ఇది. పిడి వెనక నొక్కితే సూది వస్తుంది. నొప్పి ఉండదు."

"నిద్రపోతుందా?"

"నిద్రపోయినట్టే ఉంటుంది," అన్నాడు పెదనాన్న, అతని మొహం చూడకుండా.

తల్లి పోయేనాటికి మరిదికి నాలుగేళ్ళు, అక్కకి పదమూడు. ఆమె చంక దిగకుండా పెరిగాడు. జ్వరమొస్తే ఆమె, దెబ్బలాడి వస్తే ఆమె, పరీక్ష తప్పితే తండ్రికి తెలియకుండా దాచిందీ ఆమే. గణాంకాల శాఖలో గుమస్తానని పన్నెండేళ్ళుగా ఆమెకి అబద్ధం చెప్తున్నాడు. ఆ ఒక్క అబద్ధం తప్ప ఆమె దగ్గర దాచింది లేదు. ఈ రోజు ఆమె కోసం జేబులో సూది పెట్టుకుని బయల్దేరాడు. దారి పొడుగునా వదిన ఏదో మాట్లాడుతూనే ఉంది, అతనికి ఒక్క ముక్క వినిపించలేదు.

ప్లాంటు గేటు దగ్గర ఫోన్లు ట్రేలో పెట్టించుకున్నారు. ఎత్తయిన స్తంభం మీద గాలి ఎటు వీస్తోందో చూపించే గుడ్డ గొట్టం ఒకటి ఉంది. వదిన దాన్ని చూసింది. చూసి, డ్రైవర్‌తో కారు అటు కాదు, ఇటు తూర్పు వైపు పెట్టమంది.

కంట్రోల్ రూము తలుపు ఇనుపది, అంచుల చుట్టూ లావుపాటి రబ్బరు. వాయువు లోపలికి రాకుండా ఆ కట్టుదిట్టం. వాయువు పైపులు లోపలే పగిలితే ఆ రబ్బరే మనుషుల్ని లోపల బిగించేస్తుంది. గోడకి ఆరు మీటర్లు, అద్దం అవతల ఆరు పసుపు సిలిండర్లు, బల్ల మీద వయసు మీద పడి పాలిపోయిన కంప్యూటర్. మానిటర్ అంచున చేత్తో రాసిన చీటీ: నన్నడక్కుండా ముట్టుకోవద్దు.

అతికించిన మీసం, సోడాబుడ్డి కళ్ళద్దాలు, కంపెనీ బ్యాడ్జీ, టూల్ బ్యాగు. తొమ్మిది మంది కస్టమ్స్ అధికార్లని బోల్తా కొట్టించిన వేషం అది. అక్క తలెత్తి ఒక్క క్షణం చూసింది. ఆమె కనుబొమలు కొంచెం పైకి లేచాయి. పక్కన కొత్త మనిషి ఉందని గమనించి మళ్ళీ మామూలుగా దిగాయి.

"రండి మెకానిక్ గారూ," అంది. "పాతాయన రాలేదేం?"

"ఆయనకి ఒంట్లో బాగాలేదండీ."

"అయ్యో. మొన్న వచ్చినప్పుడు బాగానే ఉన్నారే."

వదిన డివైస్ మేనేజర్ తెరిపించింది. ఇంగ్లీషు అక్షరాల మధ్య ఆ తేదీ తాపీగా కూర్చుని ఉంది. జులై 18, 1968. ఆమె మరిది వైపు చూసి, చూశారుగా అన్నట్టు కళ్ళతోనే చెప్పింది. గడియారం పదకొండు ముప్పై ఐదు చూపిస్తోంది.

"ఈ క్లోరిన్ వాసన నాకు పడదు. కార్లో ఉంటాను," అని వదిన బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

అక్క తలుపు మూసి వచ్చింది.

"మీసం ఎడమ పక్క లేచింది, నొక్కుకో. ఏమిట్రా ఈ అవతారం? నాటకాల్లో చేరావా?"

"తర్వాత చెప్తానక్కా. నన్ను ఈ చిప్‌సెట్ డ్రైవర్ అప్‌డేట్ చెయ్యనీ."

"ఎందుకు? శుభ్రంగా పనిచేస్తున్నదాన్ని కెలుకుతానంటావేం? అయినా ఇక్కడ క్లోరిన్ వాసనేమిటి ఆవిడ మొహం! ఈ గదిలో వాసన వచ్చిందంటే నా ఉద్యోగం ఊడినట్టే."

"డాక్టర్‌ని చంపేశారక్కా. నిన్న పొద్దున్న."

అక్క చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. మెల్లగా కుర్చీలో కూర్చుంది. పదేళ్ళుగా ఆ మెషిన్ దగ్గర పక్కపక్కన కూర్చుని పనిచేసిన మనిషి. "ఎవరికేం చేశాడ్రా అతను?" అంది. ఆమె కళ్ళలో నీళ్ళు నటన అయితే, తను పన్నెండేళ్ళుగా నేర్చుకున్న విద్య దండగ అనుకున్నాడు మరిది. కానీ అలా అనుకుని మోసపోయిన ఏజెంట్ల ఫోటోలు పెదనాన్న గది గోడకి వరుసగా ఉన్నాయి.

చెప్పాల్సింది నాలుగు ముక్కల్లో చెప్పేశాడు. దొంగ డ్రైవర్, ఆరు వాల్వులు, పన్నెండు గంటలు. స్క్రీన్ మీద తేదీ చూపించాడు.

అక్క కళ్ళు తుడుచుకుని దాన్ని చూసి తల అడ్డంగా ఊపింది. "అది మొదట్నించీ అంతేరా. ఆ చిప్‌సెట్ కంపెనీ వాళ్ళు వాళ్ళ కంపెనీ పుట్టిన రోజునే తేదీగా వేస్తారు. కావాలనే. రెండు డ్రైవర్లు పోటీకొస్తే విండోస్ తేదీలు కూడా చూస్తుంది, కొత్తదానికి పీట వేస్తుంది. వీళ్ళది ఉత్త జాబితా లాంటిది. ఇంకొకడు ప్రత్యేకంగా రాసిన దాన్ని తోసెయ్యకూడదని తమదాన్ని అన్నిటికంటే పాతదిగా చూపిస్తారు. పెద్దాళ్ళు పిల్లలకి చోటిచ్చి గోడవారకి జరిగి కూర్చున్నట్టు. ఆరేళ్ళ క్రితం ఎక్కిస్తున్నప్పుడు డాక్టరే చెప్పాడు నాకు."

దొంగ అయినా సరిగ్గా ఇదే చెప్తుంది. ఆ ఆలోచన వచ్చినందుకు మరిదికి తన మీద తనకే రోత పుట్టింది. పదకొండు ముప్పై తొమ్మిది. అక్క మాట నిజమైతే వదిన పెన్‌డ్రైవే విషం. వదిన మాట నిజమైతే అక్క అతన్ని కబుర్లలో పెట్టి పన్నెండు కొట్టిస్తోంది. ఎటు తప్పినా ఈ గదిలో మొదట ఊపిరాగేది అక్కకే.

"నీకు నమ్మకం కుదర్లేదు," అంది అక్క, అతని మొహం చదివేసి. "సరే. స్టోర్ రూములో దీని కవల ఉంది. రెండూ ఒక్క రోజే వచ్చాయి. డాక్టర్ రెండిట్లోనూ ఒకే డ్రైవర్ ఎక్కించి దాన్ని స్పేర్‌గా సీలు వేసి పెట్టాడు. ఆరేళ్ళుగా దాని ప్లగ్గు పెట్టిన పాపాన ఎవరూ పోలేదు. దాన్ని ఆన్ చేసి చూడు. అందులోనూ ఇదే తేదీ ఉంటే ఇంకేమంటావు?"

అది బూటవడానికే ఐదు నిమిషాలు పడుతుంది. అబద్ధమైతే ఆ ఐదు నిమిషాలూ గంగలో కలిసినట్టే.

ఇక్కడే మరిది పొరపాటు చేశాడు. ఎప్పుడూ రెండు తలుపులు తెరిచి ఉంచుకోమని వాళ్ళ ఆఫీసులో మొదటి రోజే నూరిపోస్తారు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడి గతి ఏమవుతుందో మాత్రం చెప్పరు. పెన్‌డ్రైవ్ గుచ్చాడు.

"చెప్తుంటే నీక్కాదూ?" అంది అక్క.

"ఫైళ్ళు కాపీ అవనీ అక్కా. రీస్టార్ట్ చేస్తేనేగా కొత్త డ్రైవర్ పట్టుకునేది? అది మన చేతిలో ఉంటుంది. ఈలోగా స్పేర్ చూసొస్తాను. అందులో తేదీ వేరే ఉంటే రీస్టార్ట్ కొడతాను. ఇదే ఉంటే రద్దు చేస్తాను."

నెక్స్ట్. నెక్స్ట్. ఎర్ర బాక్సు వచ్చింది. ఈ డ్రైవర్ పబ్లిషర్ ఎవరో నిర్ధారించలేకపోతున్నామంది. లోకంలో కోట్లమంది చేసే పనే అతనూ చేశాడు. చదవకుండా ఇన్‌స్టాల్ ఎనీవే కొట్టాడు. ఒక చెయ్యి మౌస్ మీద ఉంది, రెండోది జేబులో ఎర్ర పిడి మీద ఉంది. అక్క అడ్డం రాలేదు. పక్కకి జరిగి చోటిచ్చింది. అది చూశాక మరిదికి ఆ పిడి పట్టుకోబుద్ధి కాలేదు. స్క్రూడ్రైవర్ తీసి, అందనంత దూరంలో బల్ల చివర పెట్టి, స్టోర్ రూముకి పరిగెత్తాడు.

స్టోర్ రూము వరండాకి అవతల, ఇరవై అడుగుల దూరం. సీలు మీద డాక్టర్ సంతకం, సంతకం మీద దుమ్ము. చింపి, ప్లగ్గు పెట్టి, స్విచ్ నొక్కాడు. ఫ్యాను దగ్గుతూ లేచింది. నల్లటి తెర. డిస్క్ చెక్ చెయ్యాలంది; వద్దని స్పేస్ బార్ కొట్టాడు. విండోస్ గుర్తు వచ్చి మినుకుమినుకుమంటూ కూర్చుంది. పదకొండు నలభై నాలుగు. ముసలి హార్డ్ డిస్క్ లోపల ఏదో గీరుతోంది. దాన్ని కొట్టాలనీ ఉంది, దణ్ణం పెట్టాలనీ ఉంది. పదకొండు నలభై ఏడుకి పాస్‌వర్డ్ అడిగింది.

"అక్కా! పాస్‌వర్డ్!"

వరండా అవతల నుంచి అరుపు వచ్చింది. "నీ పుట్టిన తేదీ కొట్టు!"

ఇంటి దొంగ పాస్‌వర్డ్ అని పెదనాన్న చెప్పింది దీని గురించే. కళ్ళు మసకబారితే చొక్కా చేతితో తుడుచుకుని, ఎనిమిది అంకెలు కొట్టాడు.

డివైస్ మేనేజర్. సిస్టమ్ డివైసెస్. ప్రాపర్టీస్. డ్రైవర్.

జులై 18, 1968.

ఆరేళ్ళుగా ఎవరూ ముట్టని మెషిన్. దొంగ డ్రైవర్ ఈ మెషిన్లలో లేదు, వదిన పెన్‌డ్రైవ్‌లో ఉంది. బయటినుంచి చేరలేని మెషిన్‌లోకి దాన్ని తెచ్చి ఎక్కించేవాడు కావాలి వియ్యాలవారికి. మీ ఊరికి మీరే విషం పెట్టుకోండని మన ఆఫీసుకే పని అప్పజెప్పారు. ఆ తేదీలో తప్పేమీ లేదని చెప్పగలిగినవాడు డాక్టర్ ఒక్కడే అనుకున్నారు, కాబట్టి అతను పోయాడు. అది తెలిసిన రెండో మనిషి, అక్క, పన్నెండింటికి ఈ ప్లాంటులోనే కూర్చుని ఉంటుంది.

"ఒరేయ్!" అక్క గొంతు చీరుకుపోయింది. "ఇది దానంతటదే రీస్టార్ట్ అవుతానంటోంది! నిమిషమే ఉందిట!"

అతను పరిగెత్తాడు. ఇరవై అడుగులు ఇరవై మైళ్ళయ్యాయి. స్క్రీన్ మధ్యలో బాక్సు, అందులో తగ్గిపోతున్న అంకె. నలభై మూడు. రద్దు బటన్ లేదు. మూసే గుర్తు లేదు. రీస్టార్ట్ మన చేతిలో ఉంటుందన్న మొనగాడి మొహాన అది లెక్కపెడుతోంది.

"ప్లగ్గు పీకెయ్యనా?" అంది అక్క.

"వద్దు! మళ్ళీ ఆన్ చేస్తే లేచేది ఆ దొంగదే!"

ముప్పై. విండోస్ కీ, ఆర్. రన్ బాక్సు తెరుచుకుంది. అందులో షట్‌డౌన్, స్లాష్, ఏ కొడితే ఆ లెక్క ఆగిపోతుంది. షట్‌డౌన్ అని కొట్టాడు, ఖాళీ ఇచ్చాడు, స్లాష్ నొక్కాడు. ఏమీ పడలేదు. మళ్ళీ నొక్కాడు. ఆ కీ ఉండాల్సిన చోట ఉత్త గుంట ఉంది. పంతొమ్మిది.

"అది ఊడి నాలుగేళ్ళయింది!"

"స్లాష్ లేకపోతే ఆగదక్కా!"

"ఎందుకాగదు? లేవరా అవతలికి!" అక్క అతన్ని భుజంతో నెట్టేసింది. "నాలుగేళ్ళుగా స్లాష్ బదులు అడ్డగీతే పెట్టుకుంటున్నాను." రెండు చూపుడు వేళ్ళతో కొట్టింది. అడ్డగీత. ఏ. తొమ్మిది. ఏ పడలేదు, మళ్ళీ కొట్టింది. ఆరు. ఎంటర్.

బాక్సు నాలుగు దగ్గర ఆగి, మాయమైంది. మూలన చిన్న బుడగ లేచింది: షట్‌డౌన్ రద్దయింది.

అక్క డ్రైవర్ పేజీ తెరిచి రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కింది. నిజంగా వెనక్కి వెళ్ళాలా అని అడిగింది విండోస్. "వెళ్ళాలి నాయనా, వెళ్ళాలి," అంటూ అవునని కొట్టింది. ఫైళ్ళు ఒక్కొక్కటే తిరిగి వచ్చి కూర్చున్నాయి. చివరికి ఆ పాత తేదీ కనిపించినప్పుడు అక్క దాన్ని వేలితో తడిమింది.

పదకొండు యాభై మూడు. అక్క మైకులో మామూలు గొంతుతో డ్రిల్ అని చెప్పి, మిగతా ఇరవై ఒక్కమందినీ వెనక గేటు దగ్గరికి పంపేసింది. మరిది ప్లాంటు ఫోన్ తీసి పెదనాన్నకి చేశాడు.

"పెదనాన్నా, వియ్యాలవారి సంబంధం తెచ్చింది వదినే. మా అక్క తప్పేం లేదు."

అటువైపు పెదనాన్న ఒక్క మాటే అడిగాడు. "ఆధారం?"

"పన్నెండు దాటాక నేను ఫోన్ ఎత్తితే అదే ఆధారం. ఈలోగా బావమరుదుల్ని గేటు దగ్గరికి పంపండి. ఆవిడకి కనబడకుండా."

"పన్నెండుకి ఐదు నిమిషాలుండగా ఏం చెయ్యమన్నానో గుర్తుందా?"

"గుర్తుంది," అని ఫోన్ పెట్టేశాడు. గడియారం సరిగ్గా ఐదు తక్కువ పన్నెండు చూపిస్తోంది.

"నువ్వూ వెనక గేటుకి పో అక్కా. ఒకవేళ నేను తప్పయితే..."

"నా సీటు వదిలి నేనెక్కడికి పోతాను? నువ్వు పో."

ఎవరూ పోలేదు. అద్దం అవతల ఆరు సిలిండర్లు చడీచప్పుడు లేకుండా నిలబడి ఉన్నాయి. స్క్రీన్‌ని నమ్మడం మానేసి ఇద్దరూ గోడ మీది ముళ్ళని చూస్తున్నారు. చిన్నప్పుడు ఉరుములకి భయపడి పట్టుకున్నట్టే అతను అక్క మణికట్టు పట్టుకున్నాడు. పన్నెండయింది. భూమిలో ఎక్కడో పెద్ద వాల్వు తిరిగిన చప్పుడు. ముళ్ళు ఒక్కసారి అదిరాయి. అదిరి, రోజూ నిలబడే గీత దగ్గరే నిలబడ్డాయి.

అక్క ఏడ్చింది. మరిది కూడా ఏడ్చాడని ఆఫీసు రిపోర్టులో లేదు.

"ఇంకో పనుంది," అన్నాడు కాసేపటికి. "డాక్టర్ నోరే మూయించినవాళ్ళు ఈ పెన్‌డ్రైవ్‌ని సాక్ష్యంగా వదిలెయ్యరు. గ్యాస్ సైరన్ ఒకసారి మోగించగలవా?"

అక్క మోగించింది. ఆ ఊళ ఎముకల్లోకి దిగేలా ఉంది. ఇద్దరూ కుర్చీల్లో అడ్డదిడ్డంగా పడిపోయారు.

"నోరు తెరుచుకో. చచ్చినవాళ్ళు అంత పద్ధతిగా మూసుకోరు," అని గొణిగింది అక్క.

ఆరు నిమిషాలకి ఇనుప తలుపు తెరుచుకుంది. గ్యాస్ మాస్కు లోపల ఊపిరి బుసబుసమంటోంది. తాపీ అయిన అడుగులు. లోపలికొచ్చిన వదిన, అక్క మొహం మీదికి వంగి చూసింది, తృప్తి పడినట్టుంది. తర్వాత మరిది భుజం మీదుగా చెయ్యి చాచి పెన్‌డ్రైవ్ పట్టుకుంది.

మరిది ఆ చేతిని పట్టుకున్నాడు.

"అలా పీకకూడదు వదినగారూ. సేఫ్‌గా ఎజెక్ట్ చేసి తియ్యాలి."

మాస్కు అద్దాల వెనక ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. రెండో చెయ్యి బ్యాగులోకి పోయేలోపల, వెనక నుంచి వచ్చిన ఇద్దరు బావమరుదులు ఆ బ్యాగు లాగేశారు. అందులో పిస్టల్ ఉంది, వేరే పేరుతో పాస్‌పోర్టు ఉంది. అక్క లేచి చీర కుచ్చెళ్ళు సర్దుకుంది.

"ఆ మాస్కు తీసెయ్యండి, ఉక్కపోస్తుంది," అంది. "నా గదిలో వాసన ఉండదని ముందే చెప్పాల్సింది మీకు."

వదిన తీసింది. ఓడిపోయిన మొహం కాదది, లెక్క ఎక్కడ తప్పిందా అని వెతుక్కుంటున్న మొహం. "ఆ తేదీ సంగతి మీకెలా తెలిసింది?"

"నా పక్కన కూర్చుని నేర్పిన మనిషిని మీరు చంపించారు," అంది అక్క. బావమరుదులు వదినని తలుపు వైపు తిప్పారు. ఆమెని తీసుకెళ్ళిపోయారు.

గదిలో అక్కాతమ్ముళ్ళు మిగిలారు. మీసం ఎప్పుడో ఊడి కీబోర్డు మీద పడింది. అక్క దాన్ని చీడపురుగుని తీసినట్టు తీసి చెత్తబుట్టలో వేసింది. బల్ల చివర ఉన్న ఎర్ర పిడి స్క్రూడ్రైవర్‌ని కూడా చూసింది. అదేమిటని అడగలేదు. అడక్కపోవడమే అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

"నిజం చెప్పు. నన్ను అనుమానించావా?"

అబద్ధం చెప్పడం అతని వృత్తి. అందులో రెండుసార్లు మెడల్ కూడా వచ్చింది. అయినా నోరు రాలేదు.

"రెండున్నర గంటలు," అన్నాడు తల దించుకుని.

అక్క కుర్చీ అతని దగ్గరికి జరుపుకుంది. తర్వాత చేత్తో అతని తల మీద ఒక్కటి వేసింది, గట్టిగానే.

"రెండున్నర గంటలేనా? గణాంకాల శాఖలో ఉద్యోగమని నువ్వు చెప్పిన రోజు నుంచీ, పన్నెండేళ్ళుగా, నేను నిన్ను అనుమానిస్తూనే ఉన్నాను. ఇప్పటికీ ఎనిమిదో ఎక్కం రానివాడికి ఆ ఉద్యోగం ఎవడిస్తాడ్రా?"